నిప్పు దగ్గరికి నడిచిన మనిషి: జేమ్స్ బ్రెయిడ్‌వుడ్

కోడూరు దాటి కిందికి వెళ్తే రోడ్డు చివర పాలకాయతిప్ప వస్తుంది. ఆ తర్వాత ఇక సముద్రమే. పక్కనే హంసలదీవి, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమలో బాగా దెబ్బతిన్న ఊళ్లలో ఇదీ ఒకటి. ఇలాంటి చోట ఎండాకాలం మధ్యాహ్నం ఒక తాటాకింటికి నిప్పంటుకుందనుకోండి. సముద్రపు గాలికి అది పక్కింటికి పాకడానికి ఎంతోసేపు పట్టదు. 101కి ఫోన్ చేశాక ఫైరింజన్ వచ్చేలోపు ఏం మిగులుతుందో తీరం వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

మన రాష్ట్రంలో అగ్నిమాపక శాఖ పేరులో ఇప్పుడు విపత్తు స్పందన కూడా చేరింది. అంటే స్టేషన్ అధికారి మంటలు ఆర్పితే సరిపోదు. తుఫానొస్తే రోడ్డుకి అడ్డంపడ్డ చెట్లు కొట్టించాలి, వరదొస్తే పడవలు దింపాలి, పెద్ద భవనం కడితే అందులో మెట్లూ తలుపులూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. ఏదైనా తేడా వస్తే ముందు తిట్లు తినేదీ ఆయనే. చేతిలో ఉండే మనుషులు, బళ్లు, అధికారం మాత్రం చాలాసార్లు బాధ్యతకి తగ్గట్టు ఉండవు.

ఈ ఇబ్బంది ఈనాటిది కాదు. ఫైర్ చీఫ్ అనే ఉద్యోగం పుట్టిన రోజునే ఇదీ పుట్టింది. ఆ ఉద్యోగానికి ఒక రూపం ఇచ్చిన మనిషి, ఆ ఇబ్బందితోనే బతికి చివరికి దానికే బలైన మనిషి, జేమ్స్ బ్రెయిడ్‌వుడ్. ఇంజనీరింగ్ చదివే మనం ఆయన్ని తెలుసుకోవడం ఎందుకు అవసరమో చివర్లో చెప్తాను. ముందు కథ.

ఇరవైనాలుగేళ్ల కుర్రాడికి ఊరంతా అప్పగించారు

బ్రెయిడ్‌వుడ్ 1800లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. తండ్రి ఫర్నిచర్ తయారుచేసే వ్యాపారి. పెద్ద కుటుంబం, ఈయన పదో సంతానం. హైస్కూల్ చదువయ్యాక భవన నిర్మాణం పని నేర్చుకున్నాడు. గోడ ఎలా లేస్తుంది, దూలం ఎక్కడ ఆనుతుంది, కప్పు బరువు ఎటు దిగుతుంది అన్నవి చిన్న వయసులోనే చేతికొచ్చాయి. తర్వాత ఆయన చేసిన ప్రతి పనికీ ఆ చదువే పునాది.

అప్పట్లో ఎడిన్‌బరో పాత పట్నంలో ఆరేడు అంతస్తుల ఇళ్లు, మధ్యలో మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు సందులు. నిప్పంటుకుంటే ఒక్కో ఇన్సూరెన్స్ కంపెనీ తన మనుషుల్ని, తన ఇంజన్‌ని పంపేది. ఎవరి గోల వాళ్లది. 1824లో ఊరి పాలకులూ ఇన్సూరెన్స్ కంపెనీలూ కలిసి ఒకే దళం ఏర్పాటు చేసి, దానికి బ్రెయిడ్‌వుడ్‌ని పెద్దగా పెట్టాయి. అప్పటికి ఆయన వయసు 24. అంటే మనలో ఎంటెక్ చేస్తున్న సీనియర్ల వయసన్నమాట.

పనిలో చేరి కొద్ది వారాలే అయింది. మనుషులకి శిక్షణ సరిగ్గా మొదలైనా కాలేదు. నవంబరు 15 రాత్రి ఒక చెక్కుడు పని వర్క్‌షాప్‌లో కాగుతున్న అవిసె నూనె అంటుకుంది. ఆ మంట సందుల వెంట పాకి పాత పట్నాన్ని రోజుల తరబడి కాల్చింది. మర్నాడు ట్రాన్ చర్చి గోపురం కూడా తగలబడింది. 13 మంది చనిపోయారు. వందల కుటుంబాలు వీధిన పడ్డాయి.

ఆ రాత్రి మంట కంటే పెద్ద సమస్య ఇంకోటి ఉంది. మేజిస్ట్రేట్లు వచ్చారు, న్యాయాధికారులు వచ్చారు, ఊరి పెద్దలు వచ్చారు. వచ్చిన ప్రతివాడూ ఒక ఆర్డరు వేశాడు. ఇంజన్ ఇటు తిప్పమని ఒకరు, అటు తిప్పమని ఇంకొకరు. మన ఊళ్లో గడ్డివామి అంటుకున్నప్పుడు చూసే ఉంటారు: బిందె పట్టుకున్నవాళ్లు పదిమంది, చెప్పేవాళ్లు ఏభైమంది. అక్కడా అదే జరిగింది, కాకపోతే చెప్పేవాళ్లందరికీ హోదా ఉంది. వాళ్ల మాట కాదనే హక్కు ఈ కుర్రాడికి లేదు.

మంటలు చల్లారాక సహజంగానే తప్పంతా కొత్త దళం మీదికి వచ్చింది. తర్వాత విచారణ చేసినవాళ్లు మాత్రం అసలు విషయం గ్రహించారు. మంటల దగ్గర ఒకే ఒక్కడి మాట చెల్లాలి, ఆ ఒక్కడూ అగ్నిమాపక దళం పెద్దే కావాలి అని తేల్చారు. ఈరోజు మనకిది మామూలు సంగతి. కానీ ఈ చిన్న నియమం రావడానికి ఒక పట్నం కాలాల్సి వచ్చింది.

తెల్లవారుజాము నాలుగు గంటల బడి

అధికారం చేతికి వచ్చాక బ్రెయిడ్‌వుడ్ చేసిన మొదటి పని మనుషుల్ని ఏరుకోవడం. కండలు చూసి తీసుకోలేదు, పని చూసి తీసుకున్నాడు. ఇంటికప్పు మీద పలకలు పరిచేవాళ్లు, వడ్రంగులు, తాపీ మేస్త్రీలు, ప్లంబర్లు, కమ్మరులు. కప్పు మీద పనిచేసేవాడికి ఎత్తంటే భయముండదు. వడ్రంగికి ఏ దూలం ఎప్పుడు విరుగుతుందో చూడగానే తెలుస్తుంది. తాపీవాడికి గోడ ఉబ్బితే అర్థమవుతుంది. గొట్టాలూ తోలు పైపులూ ప్లంబర్ చూసుకుంటాడు, ఇంజన్ పాడైతే కమ్మరి బాగుచేస్తాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అన్ని బ్రాంచిలవాళ్లనీ కలిపి ఒక టీమ్ కట్టాడు.

వాళ్లకి శిక్షణ తెల్లవారుజామున 4 గంటలకి. ఎందుకంత పొద్దున్నే? పనివాళ్లు కదా, ఆ తర్వాత ఎవరి కూలికి వాళ్లు పోవాలి. ఆ వేళకి వీధులు ఖాళీగా ఉంటాయి. చీకట్లో సాధన చేస్తే చీకట్లో మంట దగ్గర కాళ్లు తడబడవు. గోలలో నోటిమాట వినపడదని ఓడల్లో వాడే ఈలతో సంకేతాలు నేర్పాడు.

అప్పటిదాకా అందరూ చేసే పని, వీధిలో దూరంగా నిలబడి పొగ కనిపించిన వైపు నీళ్లు చిమ్మడం. నీళ్లు అయిపోయేవి, మంట మాత్రం అలాగే ఉండేది. బ్రెయిడ్‌వుడ్ దీన్ని తిరగేశాడు. లోపలికి వెళ్లు, మంట మొదలు ఎక్కడుందో చూడు, దాని మీద నీళ్లు కొట్టు. ఒంటరిగా మాత్రం వెళ్లకు. పొగ ఎక్కువైతే నేలకి దగ్గరగా వంగి పాకు, అక్కడ గాలి కొంచెం మిగిలుంటుంది. మనకి ఇప్పుడు కాలేజీలో మాక్ డ్రిల్ పెట్టినప్పుడు చెప్పే మాటల్లో చాలా వరకూ ఇవే.

ఇదంతా 1830లో ఒక పుస్తకంగా రాశాడు. ఇంజన్ల నిర్మాణం దగ్గర్నుంచి మనుషుల శిక్షణ దాకా అన్నీ అందులో ఉన్నాయి. అగ్నిమాపకం అంటే గుండె ధైర్యం మాత్రమే అనుకునే రోజుల్లో, అది నేర్చుకోదగ్గ, నేర్పదగ్గ విద్య అని చూపించిన పుస్తకం అది.

లండన్: ప్రజల పని, ప్రైవేటు జీతం

ఆ పేరు లండన్ దాకా పాకింది. అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా విడివిడి దళాలతో విసిగిపోయి, 1833 జనవరి 1 నుంచి ఒకే సంస్థగా కలిశాయి. దానికి సూపరింటెండెంట్‌గా బ్రెయిడ్‌వుడ్‌ని పిలిచాయి. సుమారు 80 మంది మనుషులు. అప్పటికే ప్రపంచంలోకెల్లా పెద్దదైన నగరాల్లో ఒకటి వాళ్ల చేతిలో. ఇక్కడ ఆయన నావికుల్ని ఎక్కువగా తీసుకున్నాడు. రాత్రీ పగలూ తేడా లేకుండా మేలుకోవడం, తాళ్లెక్కడం, చెప్పిన మాట వెంటనే చెయ్యడం వాళ్లకి అలవాటు కాబట్టి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. జీతాలిచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీలు. వాళ్లకి కావలసింది సరుకు కాలకుండా ఉండటం. మనుషుల ప్రాణాలు కాపాడే నిచ్చెనల పనిని అప్పట్లో వేరే ధర్మసంస్థ చూసుకునేది. ఇన్సూరెన్స్ లేని ఇల్లు కాలినా బ్రెయిడ్‌వుడ్ మనుషులు వెళ్లేవాళ్లు, ఎందుకంటే మంటకి పాలసీ నంబరు తెలియదు, పక్కింటికి పాకుతుంది. కానీ పెద్ద నగరానికి తగినన్ని ఇంజన్లూ మనుషులూ కావాలంటే డబ్బెవరు పెట్టాలి? కంపెనీలు తమ లాభం దాటి పెట్టవు. ప్రభుత్వం అసలు పెట్టదు.

1834 అక్టోబరు 16న ఆ ప్రభుత్వం ఇల్లే అంటుకుంది. పార్లమెంటు భవనంలో పాత లెక్కల కర్రముక్కల్ని కొలిమిలో వేసి తగలబెడుతుంటే వేడి పొగగొట్టాల్ని దాటి భవనానికి పాకింది. అది ఇన్సూరెన్స్ ఉన్న భవనం కాదు, బ్రెయిడ్‌వుడ్ బాధ్యత కాదు. అయినా తన ఇంజన్లతో వచ్చాడు. అన్నిటినీ కాపాడలేమని చూడగానే అర్థమైంది. ఏది పోయినా పర్లేదు, ఏది నిలబడాలి అని తేల్చుకుని శక్తంతా శతాబ్దాల నాటి వెస్ట్‌మిన్‌స్టర్ హాల్ మీద పెట్టారు. అది నిలిచింది. ఈరోజుకీ ఉంది. ఇంత జరిగాక కూడా అగ్నిమాపక దళాన్ని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకోలేదు. పార్లమెంటే కాలినా పార్లమెంటుకి బుద్ధి రావడానికి ఇంకా ముప్పయ్యేళ్లు పట్టింది.

ఆయనలో లోపాలు లేకపోలేదు. ఆవిరితో నడిచే ఫైరింజన్ 1829లోనే లండన్‌లో తయారైంది. బ్రెయిడ్‌వుడ్ దాన్ని చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు. అంత బలమైన నీటిధార చేతిలో ఉంటే తన మనుషులు మళ్లీ దూరం నుంచే చిమ్మడం మొదలెడతారని, లోపలికి వెళ్లడం మానేస్తారని ఆయన అనుమానం. 1860లో గానీ ఒక ఆవిరి ఇంజన్ అద్దెకి తీసుకోలేదు. అప్పటిదాకా పొడుగాటి కర్రలు పట్టుకుని కిందికీ మీదికీ తొక్కే చేతిపంపులే. ఒక్కో ఇంజన్‌కి పాతికమంది పైనే కావాలి. వీధిలో పోయేవాళ్లనే పిలిచి, గంటకింత అని డబ్బులిచ్చి, మధ్యమధ్య బీరు పోసి తొక్కించేవాళ్లు. పద్ధతి విషయంలో అంత ముందున్న మనిషి యంత్రం విషయంలో వెనకబడ్డాడు. గొప్పవాళ్ల కథ రాసేటప్పుడు ఇది దాచడం మర్యాద కాదు.

ఇంజనీర్లకి చేసిన హెచ్చరిక

ఇప్పుడు మనకి నేరుగా తగిలే భాగం. ఆ రోజుల్లో థేమ్స్ నది ఒడ్డున భారీ గోడౌన్లు లేస్తున్నాయి. చెక్క స్తంభాల బదులు పోత ఇనుము స్తంభాలు పెట్టి, ఇనుము కాలదు కాబట్టి మా భవనానికి నిప్పు భయం లేదని కట్టినవాళ్లు గట్టిగా చెప్పుకునేవాళ్లు. బ్రెయిడ్‌వుడ్ 1849లో లండన్‌లోని సివిల్ ఇంజనీర్ల సంస్థకి దీని మీద ఒక పత్రం సమర్పించాడు. సారాంశం ఇది: ఇనుము కాలకపోవచ్చు, కానీ వేడికి బలం కోల్పోతుంది. పోత ఇనుము బాగా వేడెక్కాక మీద నీళ్లు పడితే పగులుతుంది. ఒక స్తంభం పోతే మీది అంతస్తుల బరువంతా ఒక్కసారిగా దిగుతుంది. కింద నా మనుషులుంటారు.

గోడౌన్ల సైజు గురించి కూడా ఆయన పదేపదే చెప్పాడు. మధ్యలో అడ్డుగోడలు లేకుండా అంత పెద్ద గదుల్లో అంత సరుకు పెడితే, ఒకసారి అంటుకున్నాక ఏ దళమూ ఆర్పలేదని. విన్నవాళ్లు ఉన్నారు, తలూపినవాళ్లూ ఉన్నారు. కానీ గోడౌన్లు పెరుగుతూనే పోయాయి. కట్టొద్దని ఆపే అధికారం ఆయనకి లేదు. కాలాక ఆర్పే బాధ్యత మాత్రం ఉంది.

1861 జూన్ 22

శనివారం సాయంత్రం. లండన్ బ్రిడ్జి పక్కన టూలీ స్ట్రీట్‌లో కాటన్స్ వార్ఫ్ అనే రేవు గోడౌన్‌లో పొగ కనపడింది. లోపల నార బేళ్లు, పత్తి, పంచదార, కొవ్వు, బియ్యం, సురేకారం. నార బేళ్లు తమంతట తామే వేడెక్కి అంటుకున్నాయని అనుమానం. మన డెల్టాలో ఇది కొత్తేం కాదు. తడి ఆరని గడ్డిని వామి వేస్తే లోపల వేడి పుట్టి, ఒక్కోసారి అగ్గిపుల్ల గియ్యకుండానే కాలిపోతుంది. మన రైతులకి తెలిసిన సంగతే.

ఒక గోడౌన్‌కీ ఇంకో గోడౌన్‌కీ మధ్య ఇనుప తలుపులు ఉన్నాయి. మంట దాటకుండా ఆపడానికే పెట్టారు. ఆరోజు అవి తెరిచి ఉన్నాయి. సరుకు అటూ ఇటూ తిప్పడానికి అడ్డమని తెరిచి వదిలేశారు. పైపుల్లో మొదట కావలసినంత నీళ్లు రాలేదు. నదిలో ఆటు సమయం, నీటిమట్టం పడిపోయి, పడవ మీది ఇంజన్ దగ్గరికి రావడమే కష్టమైంది.

బ్రెయిడ్‌వుడ్ వయసు అప్పటికి 60. రాత్రి ఏడున్నర ప్రాంతంలో, సెగకి సొమ్మసిల్లుతున్న తన మనుషుల్ని చూసుకుంటూ, వాళ్లకి కాస్త బ్రాందీ పంచుతూ ఒక సందులో నడుస్తున్నాడు. పక్కనున్న గోడౌన్ గోడ ఉబ్బి ఒక్కసారిగా కూలింది. ఆయనా, పక్కనున్న ఇంకొకరూ దాని కింద ఉండిపోయారు. మంట ధాటికి రెండు మూడు రోజుల దాకా దేహం తియ్యడం కూడా వీలుకాలేదు. మంటలు పూర్తిగా ఆరడానికి రెండు వారాలు పట్టింది. నష్టం ఆ రోజుల్లోనే దాదాపు 20 లక్షల పౌండ్లు.

జూన్ 29న అంత్యక్రియలు. ఊరేగింపు మైలున్నర పొడవు. నగరంలోని చర్చిల గంటలు మోగాయి, కొట్లు మూశారు. అంతమంది వచ్చారు, అంత కన్నీరు పెట్టుకున్నారు. ఆ గోడౌన్ల గురించి ఆయన బతికుండగా చెప్పిన మాటకి అందులో పదో వంతు శ్రద్ధ పెట్టినా ఆ ఊరేగింపు అవసరమయ్యేది కాదేమో.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. నష్టం భరించలేక ఇన్సూరెన్స్ కంపెనీలు ఇక మావల్ల కాదు, మీరే తీసుకోండని ప్రభుత్వానికి చెప్పేశాయి. 1862లో పార్లమెంటు కమిటీ కూర్చుంది. 1865లో చట్టం వచ్చింది. 1866 జనవరి 1 నుంచి లండన్‌కి ప్రజల డబ్బుతో నడిచే అగ్నిమాపక దళం ఏర్పడింది. పన్నులోంచి కొంత, ఇన్సూరెన్స్ కంపెనీల నుంచి కొంత, ప్రభుత్వం నుంచి కొంత. బ్రెయిడ్‌వుడ్ స్థానంలో వచ్చిన మేసీ షా ఆ దళాన్ని నడిపాడు. ఎడిన్‌బరోలో బ్రెయిడ్‌వుడ్ విగ్రహం 2008లో పెట్టారు.

మనకేంటి సంబంధం?

ఇది లండన్ కథే కాదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి బేళ్లూ పేలుడు పదార్థాలూ ఒకే ఓడలో ఉన్నప్పుడు నిప్పంటుకుంది. ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. మన దేశంలో ఏటా ఏప్రిల్ 14న అగ్నిమాపక దినం జరిపేది వాళ్ల జ్ఞాపకంగానే. పత్తీ పేలుడు సామగ్రీ కలిపి ఓడలో ఎక్కించాలన్న నిర్ణయం వాళ్లది కాదు. ఇక్కడా నిర్ణయం ఒకరిది, ప్రాణం ఇంకొకరిది.

వినడం నేర్చుకుంటే ఏమవుతుందో చూపించే ఉదాహరణ కూడా మన తీరం మీదే ఉంది. 1977లో ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది పోయారు. ఆ తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు ఊళ్లకి చేరే ఏర్పాట్లు మెరుగుపరిచారు. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం దగ్గరే మరో పెనుతుఫాను తీరం దాటింది. అప్పుడు చనిపోయినవాళ్లు వెయ్యిలోపు. అదీ తక్కువేం కాదు, కానీ తేడా కనిపిస్తోంది కదా. ఆ తేడా ఒక్కడి ధైర్యంతో రాలేదు. ముందే ఖర్చు పెట్టడం వల్ల, ముందే ఖాళీ చేయించడం వల్ల వచ్చింది.

ఈనాటి ఫైర్ అధికారుల ఇబ్బందులు పేర్లు మారాయి గానీ బ్రెయిడ్‌వుడ్‌వే. మన రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్ అగ్నిమాపక సేవల్ని పురపాలక సంస్థల పనుల్లో చేర్చింది, నడిపేది మాత్రం చాలాచోట్ల రాష్ట్ర శాఖ. డబ్బెవరు పెట్టాలన్న పాత ప్రశ్న ఇంకా తెగలేదు. 2023లో కేంద్రం రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకి, ఆధునికీకరణకి ₹5,000 కోట్లతో ఒక పథకం మొదలెట్టింది. మంచిదే. అందులోంచి వచ్చే బండి పాలకాయతిప్ప లాంటి చివరి ఊరికి ఎంతసేపట్లో చేరుతుందన్నది అసలు లెక్క.

ఇంకో లెక్క మన చేతిలోనే ఉంది. రేపు మనలో కొందరు భవనాలు డిజైన్ చేస్తారు, కొందరు ఫ్యాక్టరీల్లో, కొందరు రొయ్యల ప్లాంట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో, పోర్టుల్లో పనిచేస్తారు. జాతీయ భవన నిర్మాణ నియమావళిలో నాలుగో భాగం మొత్తం అగ్ని భద్రత గురించే. దాన్ని పరీక్షకి చదివి మర్చిపోకండి. ఫైర్ అధికారి వచ్చి ఈ మెట్లు చాలవు, ఈ తలుపు ఇటు తెరుచుకోవాలి అంటే, పని ఆలస్యం చేయడానికే అంటున్నాడని అనుకోకండి. ఆయన రేపు లోపలికి రావలసిన మనిషి.

అంతదాకా ఎందుకు, ఈరోజే చూడండి. మీ హాస్టల్లోనో ల్యాబ్ బ్లాకులోనో మెట్ల దగ్గర దానంతటదే మూసుకునే తలుపు ఒకటి ఉంటుంది. వెళ్లిరావడానికి అడ్డమని దానికి ఎవరో ఇటుక పెట్టి ఉంటారు. కాటన్స్ వార్ఫ్‌లో ఇనుప తలుపులు తెరిచి వదిలేసినవాళ్లు కూడా అంతే ఆలోచించారు. ఆ ఇటుక తీసేయండి.